మోకు పట్టినవాడి నోరు

ఊహ తెలిసినప్పటి నుంచి నేను మాట్లాడినదంతా ఒక ఎత్తు, ఆ ఒక్క వేసవిలో మాట్లాడినది ఒక ఎత్తు. అదీ రోజుకి పది నిమిషాలే.

మా ఊరి నుంచి ఆస్పత్రికి నడిస్తే గంటంబావు దారి. ఆస్పత్రంటే పెద్దదేమీ కాదు. రెండు గదులు, ఒక వరండా, వరండాలో ఒక కాలు పొట్టిదైన బల్ల. ఎవరు కూర్చున్నా ముందు ఒక పక్కకి ఒరిగి, తర్వాత నిలదొక్కుకోవాల్సిందే. రోజూ పొద్దున్నే నర్సమ్మ బయటికి వచ్చి, అన్నయ్యని నోరు తెరవమని, నాలుక కింద చిన్న బిళ్ళ ఒకటి పెట్టేది. అది కరగడానికి పది నిమిషాలు పడుతుంది. అంతసేపూ మింగకూడదు, నీళ్ళు తాగకూడదు, మాట్లాడకూడదు. మాట్లాడితే ఉమ్ముతో పాటు మందు గొంతులోకి పోయి వృథా అవుతుందట.

మింగకుండా ఉండటం కష్టమేమీ కాదు. నీళ్ళు తాగకుండా ఉండటమూ కాదు. మా అన్నయ్య పది నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలనేదే అసలు గండం. ఊళ్ళో అందరూ తనని రేడియో అంటారు.

మొదటి రోజు రెండో నిమిషంలోనే అన్నయ్య ఏదో చెప్పబోయాడు. నర్సమ్మ "ఊఁ!" అని వేలు చూపించింది. మూడో నిమిషంలో మళ్ళీ పెదాలు కదిలాయి. ఆవిడ నావైపు తిరిగింది.

"నువ్వు చెల్లెలివా? నువ్వైనా ఏదో ఒకటి మాట్లాడమ్మా. వినడానికేదైనా ఉంటే ఈయన నోరు మూసుకుంటాడు."

"నేనా? ఏం మాట్లాడనండీ?"

"ఏదైనా సరే. మీ ఇంట్లో పిల్లి ఏం చేసిందో చెప్పు."

"మా ఇంట్లో పిల్లి లేదండీ."

అన్నయ్య మెల్లగా చెయ్యెత్తి నన్ను చూపించాడు. మా మావయ్య నన్ను పిల్లి అని పిలుస్తాడు. అడుగుల చప్పుడు లేకుండా తిరుగుతాను, నోరు మెదపను, అన్నీ చూస్తూ ఉంటానని. ఆ సంగతి నర్సమ్మకి తెలీదు కదా, ఏమిటన్నట్టు చూసింది. అన్నయ్య రెండు చేతులతో నోరు మూసుకుని భుజాలు ఎగరేస్తూ నవ్వాడు. ఎన్నో నెలల తర్వాత తను నవ్వడం చూశాను.

ఏం మాట్లాడాలో తెలీక, గోడకి అంటించిన కాగితం చదవడం మొదలుపెట్టాను. చేతులు శుభ్రంగా కడుక్కోవడానికి ఏడు పద్ధతులు. పదో తరగతి దాకా చదివింది ఆ రోజు పనికొచ్చింది. మూడు రోజులు ఆ ఏడు పద్ధతులతోనే నెట్టుకొచ్చాను. నాలుగో రోజు అన్నయ్య బల్ల మీద ఇటు తిరిగి, ఆ కాగితానికి వీపు పెట్టి కూర్చుని, నా మొహంలోకి చూశాడు. ఇక సొంతంగా చెప్పక తప్పింది కాదు.

*

మా ఇంటి పని బావులు. ఎండలు ముదిరి నీళ్ళు అడుగంటగానే పొలాలవాళ్ళు కబురు పెడతారు. పూడిక తీయాలి, అడుగున ఇంకో నిలువు లోతు తవ్వాలి. నాన్న దిగుతాడు. ఆయన వెనకాల బక్కబాబాయి దిగుతాడు. ఆయన మాకు నిజంగా బాబాయి కాదు, బక్కగా ఉంటాడు, అంతే. పైకొచ్చిన మట్టితట్టలు అందుకుని దూరంగా పోసి రావడం అమ్మ పని, నా పని. మోకు దగ్గర ఒక మనిషి ఉంటాడు.

మోకంటే చేతిమణికట్టంత లావు తాడు. గిలక మీంచి వచ్చి, నేలలో పాతిన గుంజకి ఒక చుట్టు తిరిగి, ఆ మనిషి చేతుల్లోకి వస్తుంది. దాని రెండో కొసన పలక మీద కూర్చుని నాన్న కిందికి పోతాడు. పన్నెండు నిలువుల లోతు. అక్కడి నుంచి తలెత్తితే పళ్ళెమంత ఆకాశం తప్ప ఇంకేమీ కనపడదట. మోకు ఎవరి చేతుల్లో ఉందో, ఆ మనిషి మెలకువగా ఉన్నాడో, పక్కవాడితో పరాచికాలాడుతున్నాడో తెలిసే దారి ఒక్కటే, గొంతు. అందుకని మోకు పట్టినవాడి నోరు ఆగకూడదు. మా పనిలో అందరికంటే ముందు నేర్పేది అదే. ఏం మాట్లాడుతున్నాడన్నది ఎవరికీ పట్టదు. మాట ఆగిందంటే మాత్రం కిందివాడు వెంటనే చేతికందిన రాయో, బావి ఒర అంచో పట్టుకోవాలి.

ఇంకో పద్ధతి కూడా ఉంది. మోకు ఎవరు పట్టాలో దిగేవాడే చెబుతాడు. చెప్పాక ఎందుకని ఎవరూ అడగరు. ఆ మనిషి కాదనడు.

ఇరవయ్యేళ్ళకే నాన్న మోకు అన్నయ్యకి ఇచ్చాడు. ఇక ఊళ్ళో సంగతులన్నీ బావిలోకే. ఎవరి మేక ఎవరి చేను మేసింది, ఎవరు ఎవరితో మాటలు మానేశారు, బక్కబాబాయి భార్య నిన్న ఆయన్ని ఏమని తిట్టింది. "స్టేషన్ మార్చరా!" అని బాబాయి కిందనుంచి కేకేసేవాడు. అన్నయ్య గరగరమని చప్పుడు చేసి, ఆడగొంతు పెట్టుకుని వాతావరణం చెప్పేవాడు. రేడియో అన్న పేరు అలా వచ్చింది.

బావుల పని లేని నెలల్లో అందరం క్వారీకి వెళ్ళేవాళ్ళం. అక్కడ రాయి ఎత్తుతూ అన్నయ్య నడుం పట్టేసింది. క్వారీకి వెళ్ళే దారిలో మందుల కొట్టుంది. కొట్టతను ఏ చీటీ అడగకుండా, అట్ట మీంచి విడదీసిన బిళ్ళల్ని కాగితంలో చుట్టి ఇచ్చేవాడు. మా వీధిలో దాన్ని నడుంబిళ్ళ అంటారు. వేసుకోని మగవాళ్ళు తక్కువ. ఆడవాళ్ళూ కొందరు వేసుకుంటారు. ఒక పూట పడుకుంటే ఆ పూట పొయ్యి వెలగని ఇళ్ళు మావి. నడుం నొప్పని ఇంట్లో కూర్చునే యోగం ఎవరికీ లేదు. బిళ్ళ వేసుకుంటే నొప్పి పోతుంది. ఆకలి కూడా కాసేపు పోతుంది.

అన్నయ్యకి ఆ బిళ్ళ అమ్మే ఇచ్చేది. మర్చిపోతాడేమోనని రోజూ పొద్దున టీ గ్లాసు పక్కనే పెట్టేది. ఒకటి పని చెయ్యడం లేదంటే రెండు, తర్వాత నాలుగు. ఒంటికి బలం వస్తుందనే అనుకుంది.

అంతకుముందు ఏడాది వేసవి చివర్లో, ఒక బావిలోకి నాన్నని దించుతుంటే అన్నయ్య మాట మందగించింది. చెప్పిందే మళ్ళీ చెప్పాడు. తర్వాత మాట ఆగిపోయింది. నేను తట్ట ఎత్తుకుని వెనక్కి తిరిగేసరికి నిలబడే ఉన్నాడు, కళ్ళు సగం మూసి. మోకు చేతుల్లోంచి జారిపోతోంది. మాట ఆగగానే నాన్న రాయి అంచు దొరకబుచ్చుకున్నాడు కాబట్టి చివరి నిలువున్నరే పడ్డాడు. మడమ ఎముక విరిగింది.

ఎవరడిగినా "నా పట్టే జారింది" అన్నాడు నాన్న. మంచం మీంచి లేచాక మోకు మావయ్యకి ఇచ్చాడు. ఆ సంగతి మా ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

మరుసటి వేసవి మొదట్లో ఒకరోజు, నేను అంట్లు తోముతుంటే అన్నయ్య వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"ఆస్పత్రిలో ఈ నడుంబిళ్ళ అలవాటు మాన్పించడానికి మందిస్తున్నారట. వాళ్ళేవో కాగితాలు నింపమంటారు, నావల్ల కాదు. వస్తావా?"

"ఊఁ," అన్నాను. చేతులు కడుక్కుని లేచాను. అంతే.

*

మొదటి వారం అన్నయ్యకి ఒళ్ళు హూనమైంది. ముక్కు కారేది, ఆవలింతలు, కాళ్ళలో ఎవరో పీకుతున్నట్టు ఒకటే నొప్పులు. నర్సమ్మ మందు కొంచెం పెంచింది. రెండో వారానికి తిండి తినడం మొదలుపెట్టాడు. "ఇది మత్తు కాదు. కాళ్ళ కింద నేల లాంటిది. దీని మీద నిలబడి పని చేసుకోవచ్చు. కానీ మానేసేది నేను చెప్పినప్పుడే," అని ఆవిడ గట్టిగా చెప్పింది.

ఆస్పత్రి నుంచి తిన్నగా బావి దగ్గరికి వచ్చేవాళ్ళం. అన్నయ్య మాతో పాటు మట్టితట్టలు మోసేవాడు. మొదటిరోజే బక్కబాబాయి అంటించాడు.

"ఏరా రేడియో, ఆడవాళ్ళ వరసలో చేరావే! గాజులు కూడా వేసుకోకపోయావా?"

"నీ భార్యనడిగాను బాబాయ్. నీకిచ్చేసిందట."

అమ్మ ఫక్కున నవ్వింది. నాన్న వినపడనట్టు గునపం మొన చూసుకుంటున్నాడు.

మోకు దగ్గర మావయ్య తంటాలు చూస్తే జాలేసేది. అమ్మ తమ్ముడు ఆయన. బలానికి లోటు లేదు, మాటకే కరువు. కాసేపటికే చెప్పడానికి ఏమీ ఉండేది కాదు, ఎక్కాలు అందుకునేవాడు. రెండో ఎక్కం నుంచి పన్నెండో ఎక్కం దాకా బండి బాగానే నడిచేది. ఆ తర్వాత బావిలోంచి నాన్న గొంతు వినిపించేది.

"పదమూడో ఎక్కం వద్దని చెప్పానా! తప్పులు చెబుతున్నావు. లెక్క సరిచేసుకుంటూ నేను తవ్వలేకపోతున్నాను."

"మరి ఏం చెప్పను బావా?"

"ఏదో ఒకటి ఏడు!"

అన్నయ్య తట్ట నెత్తిన పెట్టుకుని, మోకు పక్కనుంచే పోయేవాడు. ఏదో ఒక మాట అందించాలని నోటిదాకా వచ్చేది. గుంజని దాటగానే చూపు దించుకునేవాడు. ఆ మోకు మళ్ళీ తన చేతికి రావాలన్నదే ఆ వేసవంతా అన్నయ్య కోరిక. నోరు తెరిచి అడగలేడు, అలా అడిగే పద్ధతి లేదు. నాన్న చెప్పాలి. నాన్న చెప్పడు. ఈ సంగతి మాలో ఎవరూ అనుకోలేదు గానీ అందరికీ తెలుసు.

*

పన్నెండో రోజు అన్నయ్య జారిపోయాడు.

సాయంత్రం సబ్బు తెస్తానని వెళ్ళి, పొద్దుగుంకే వేళకి వచ్చాడు. సబ్బు తెచ్చాడు. మాటలో తేడా ఉంది. అమ్మ దగ్గరికి వెళ్ళి కళ్ళలోకి చూసింది, చొక్కా జేబులో చెయ్యి పెట్టి కాగితం పొట్లం తీసింది. నా దగ్గరికి తెచ్చి, "దీని మీద ఏం రాసుందో చదవ్వే," అంది.

పాత నోటుపుస్తకం చింపిన కాగితం. ఎవరో పిల్లాడు రాసుకున్న కూడికలున్నాయి.

"ఏమీ లేదమ్మా. కూడికలు."

"మందు పేరు లేదూ?"

"లేదు."

అమ్మ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది. "పేరు కూడా తెలీని దాన్ని నా చేత్తోనే పెట్టానే. గ్లాసు పక్కన. అన్నం పెట్టినట్టు పెట్టాను," అంది. ఏడవలేదు. వెళ్ళి పొట్లాన్ని పొయ్యిలో పడేసి, ఆ పొయ్యి మీదే అన్నం వండింది. అన్నయ్యని లేపి తినిపించింది.

మర్నాడు ఆస్పత్రికి వెళ్ళే దారంతా అన్నయ్య నాకంటే పది అడుగులు ముందే నడిచాడు. వరండా మెట్టెక్కగానే నర్సమ్మతో, "నిన్న వేసుకున్నానండీ. రెండు," అన్నాడు. ఇక రావద్దంటుందేమో అనుకున్నాను.

ఆవిడ చీటీ మీద ఏదో రాసుకుంది.

"ఎవరైనా పట్టుకున్నారా, నువ్వే చెబుతున్నావా?"

"అమ్మ పట్టుకుంది. మీకు నేనే చెబుతున్నాను."

"సరే. మొదటిసారి కాబట్టి ఏడవకు, రెండోసారి అయితే దాచకు. ఈ పూట మందు ఇప్పుడే వద్దు. మధ్యాహ్నం దాకా నా కళ్ళ ముందు కూర్చో, చూసి ఇస్తాను. రేపూ ఇదే వేళకి రా."

అంత తేలిగ్గా అయిపోయింది. వచ్చేటప్పుడు అన్నయ్య, "తిట్టి పంపిస్తే బావుండేది, మానేసేవాణ్ణి," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, నేను దాన్ని నవ్వులాటకి వదల్లేదు. "అందుకే తిట్టలేదు," అన్నాను. తను ఆగి, నన్ను కొత్తగా చూసి, "పిల్లి కరుస్తుంది కూడా!" అన్నాడు.

*

ఆ తర్వాత రోజుల్లో నా పది నిమిషాలు మెరుగుపడ్డాయి.

ఏం చెప్పాలో వెతుక్కోవడం మానేశాను. చూసింది చెప్పడం మొదలుపెట్టాను. నాన్న పొద్దున్నే లేవగానే ముందు విరిగిన మడమతో నేలని నొక్కి చూసుకుంటాడని, అది ఎవరూ చూడటం లేదనుకుంటాడని. అమ్మ నిద్రపోతున్నట్టు కళ్ళు మూసుకుని, మేం గుమ్మం దాటాక లేచి వీధి చివరిదాకా మమ్మల్ని చూస్తుందని. మావయ్య పదమూడో ఎక్కం నేర్చుకోవడానికి నా పాత పుస్తకం అడిగి తీసుకెళ్ళాడని. అన్నయ్య కళ్ళు పెద్దవి చేసి వినేవాడు. ఇదంతా ఎప్పుడు చూశావన్నట్టు చేతులు తిప్పేవాడు. ఎదురు మాట రాదని తెలిస్తే మాట్లాడటం ఇంత హాయా అనిపించేది నాకు.

మూడో వారంలో మా వెనకింటామె దొడ్డిగోడ మీంచి తల పెట్టి పిలిచింది.

"అమ్మాయ్, మా ఆయన్ని కూడా తీసుకెళ్తావా? కాగితాలవీ నువ్వే రాస్తావటగా."

ఆయన క్వారీలో రాళ్ళు కొడతాడు. మర్నాటి నుంచి ముగ్గురం నడిచాం. వరండా బల్ల మీద ఇప్పుడు నోళ్ళు మూసుకున్న మగవాళ్ళు ఇద్దరు. నేనేదైనా చెబుతూ మధ్యలో ఆపితే ఆ పెద్దమనిషి, తర్వాతేమైంది అన్నట్టు గడ్డం ఎగరేసేవాడు. నర్సమ్మ కూడా గుమ్మానికి ఆనుకుని వినేది. "రేడియో ఈయన కాదు, నువ్వు," అందొకసారి. సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు, లోపల మాత్రం పొంగిపోయాను. ఈనాటికి ఆ బల్ల చాలక ఇంకోటి వేశారు. అన్నయ్య వారానికొకసారే వెళ్తున్నాడు. అప్పటికి మాత్రం ఇద్దరే.

నలభయ్యో రోజు దాటాక నర్సమ్మ నన్ను లోపలికి పిలిచింది.

"మూడు రోజులు నేనుండను, పట్నం వెళ్ళాలి. మీ అన్నయ్యకి మూడు బిళ్ళలు ఇంటికే ఇస్తున్నాను. తన చేతికి కాదు, నీ చేతికి. సరిగ్గా ఎనిమిదింటికి నాలుక కింద పెట్టించు. పది నిమిషాలూ కదలకుండా చూడు."

మూడింటినీ మూడు కాగితాల్లో మడిచి, ఒక్కొక్క దాని మీదా మందు పేరు, తారీకు రాసి ఇచ్చింది. ఇంటికి రాగానే అమ్మకి ఆ పేరు చదివి వినిపించాను. అమ్మ రెండుసార్లు చెప్పించుకుని, నోరు తిరక్కపోయినా మళ్ళీ అంది.

*

రెండో బిళ్ళ రోజు అది.

పెద్ద బావి. వానలు పడేలోగా పూర్తి చెయ్యాలని పొలం ఆయన తొందరపెడుతున్నాడు. ముందురోజు సాయంత్రం మావయ్య చేతి మీద పలక పడి కుడి బొటనవేలు నలిగింది. పొద్దున్నకి వంకాయంత వాచింది. గుడ్డ చుట్టుకుని, పనికి రానివాడు ఎలా కూర్చుంటాడో అలా గట్టు మీద కూర్చున్నాడు.

ఎనిమిదయిందని పొలం ఆయన పాలేరు చేతిగడియారం చూసి చెప్పాడు. నేను అన్నయ్యని నీడలోకి పిలిచి బిళ్ళ పెట్టించాను. తను నోరు మూసుకుని, చేతులు మోకాళ్ళ మీద వేసుకుని, బుద్ధిమంతుడిలా కూర్చున్నాడు.

నాన్న బావి అంచున నిలబడి తలపాగా బిగించుకుంటున్నాడు. బక్కబాబాయి చేతులు దులుపుకుంటూ మోకు దగ్గరికి నడిచాడు. ఇవాళ తనే పట్టాలి, ఇంకెవరున్నారు? నాన్న ఒంటరిగా దిగాలి.

నాన్న పలక మీద కూర్చుని, కాళ్ళు బావిలోకి వేలాడేసి, తల తిప్పకుండానే అన్నాడు.

"మోకు పెద్దాడికివ్వు."

పెద్దాడంటే అన్నయ్యే. ఇంట్లో నాన్న అలాగే పిలిచేవాడు, ఒకప్పుడు.

బాబాయి చెయ్యి గాల్లోనే ఆగింది. అమ్మ చేతిలో ఖాళీ తట్ట నేలమీద పెట్టింది. అన్నయ్య దిగ్గున లేచాడు. నోరు తెరవబోయి, మళ్ళీ మూసుకుని, వేలితో నోటిని చూపిస్తూ నావైపు తిరిగాడు. తన కళ్ళు చూస్తే, నీళ్ళలో పడ్డవాడు గట్టుమీది మనిషిని చూసినట్టుంది.

"ఏం? నోరు పడిపోయిందా?" అన్నాడు నాన్న.

"బిళ్ళ వేసుకున్నాడు నాన్నా. పది నిమిషాలు మాట్లాడకూడదు," అన్నాను.

"అయితే ఆగుదాం బావా. పది నిమిషాలేగా," అన్నాడు మావయ్య గట్టు మీంచి. "లేకపోతే మాట నేను చెబుతాలే. చెయ్యి పాడైంది గానీ నోరు బాగానే ఉంది. పదమూడో ఎక్కం వచ్చేసింది."

"నీ ఎక్కాలు వింటూ దిగడం కంటే దూకడం నయం." నాన్న ఇప్పుడు తల తిప్పాడు. అన్నయ్యని చూడలేదు, నన్ను చూశాడు. "మోకు వాడు పడతాడు. మాట నువ్వు చెప్పు. కొత్తగా ఏం కల్పించక్కర్లేదు, నీకు కనపడింది చెప్పు చాలు."

అలాంటిది మా పనిలో ఎప్పుడూ లేదు. ఒకరు పట్టడం, ఇంకొకరు మాట్లాడటం. కానీ దిగేవాడు చెప్పాక ఎవరూ ఎందుకని అడగరు.

అన్నయ్య మోకు అందుకున్నాడు. నేను బావి అంచున మోకరించాను.

"నాన్నా, అన్నయ్య గుంజకి ఒక చుట్టు వేశాడు."

"వినపడట్లేదు!" పలక అప్పుడే రెండు నిలువులు దిగింది.

"గుంజకి చుట్టు వేశాడూ! కుడికాలు ఆన్చాడు. ఎడమ చెయ్యి ముందుంది. జానెడు జానెడే వదులుతున్నాడు." నా గొంతు బావిలో తిరిగి నాకే వినిపించింది. అది నాదే అని నమ్మబుద్ధి కాలేదు. "ఇప్పుడు చేతులు మార్చాడు. వదలకుండానే మార్చాడు. బాబాయి పక్కనే నిలబడ్డాడు, రెండు చేతులూ సిద్ధంగా పెట్టుకుని. అన్నయ్య మోచేత్తో వెనక్కి జరగమంటున్నాడు. బాబాయి జరిగాడు. ఒక్క అడుగే."

కిందనుంచి ఏ శబ్దమూ లేదు. గిలక కిర్రు కిర్రుమంటోంది. ఉన్నట్టుండి నాన్న గొంతు వచ్చింది, బాగా లోతు నుంచి.

"వాడి కళ్ళెలా ఉన్నాయి?"

వెనక్కి తిరిగి చూశాను. చూడకుండా కూడా చెప్పగలను, అయినా చూశాను.

"తెరుచుకునే ఉన్నాయి నాన్నా. మోకు మీంచి తిప్పడం లేదు. చెమట కారుతోంది. ముక్కు చివర బొట్టు వేలాడుతోంది, తుడుచుకోవడం లేదు. నేను తుడవనా అని లేవబోయాను. వద్దని తలూపాడు. ఊపుతుంటే బొట్టు రాలిపోయింది. ఇంకోటి పుడుతోంది."

అమ్మ నా వెనక నిలబడి, నా భుజమ్మీద చెయ్యి వేసింది. నేను మాట ఆపలేదు. అమ్మ వచ్చిందని చెప్పాను. మావయ్య వాచిన వేలిని నోటితో ఊదుకుంటున్నాడని చెప్పాను. అన్నయ్య చొక్కా వీపు మీద కుట్టు విడిపోయిందని, రేపు నేను కుడతానని చెప్పాను. గుంజ మొదట్లో చీమలు బారు కట్టాయని, అన్నయ్య కాలి మీంచే పోతున్నాయని, తను కదపడం లేదని చెప్పాను. నాకు అంతకుముందు తెలీదు, ఒక మనిషి ఊరికే నిలబడి ఉండటంలో చెప్పడానికి ఇంత ఉంటుందని.

"కాలు ఆనింది!" అని నాన్న కేక వినిపించింది. మోకు వదులైంది.

అన్నయ్య ఇంకా పట్టు సడలించలేదు. గొంతు కదిలింది. నాలుక అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు, బిళ్ళ మొత్తం కరిగిందో లేదోనని. తర్వాత బావి మీదికి వంగాడు.

"నాన్నా, నీ కూతురు నా పరువు గంగలో కలిపింది. ముక్కు సంగతి కూడా చెప్పాలా?"

బావిలోంచి నవ్వు వచ్చింది. లోతువల్ల అది పెద్దగా, రెండు మూడు గొంతులు కలిసినట్టు వచ్చింది. బక్కబాబాయి కూడా దిగాడు. ఆ పూటంతా తట్టలు పైకొస్తూనే ఉన్నాయి, అన్నయ్య నోరు ఆగలేదు. నాకు మళ్ళీ మాట్లాడే పని పడలేదు. తట్టలు మోసుకుంటూ విన్నాను.

మధ్యాహ్నం నాన్న పైకి వచ్చాడు. ఒళ్ళంతా బురద. గట్టు మీద కూర్చుని చెంబెడు నీళ్ళు గుటగుటా తాగాడు. అందరం ఆయన మొహమే చూస్తున్నాం. చెంబు కింద పెట్టి, మూతి తుడుచుకుని, అన్నయ్య వైపు తిరిగాడు.

"రాయి మొదలయ్యే చోట గతుక్కుమనిపించావేంరా? కింద వేలాడుతున్నది మనిషనుకున్నావా, మట్టితట్టనుకున్నావా?"

"చెయ్యి చెమట పట్టింది నాన్నా."

"పట్టదా మరి? ఎండాకాలంలో చెమట పట్టక చలేస్తుందా? పొడిమట్టి రాసుకోవాలని తెలీదూ? గాడిదలా ఇరవయ్యారేళ్ళొచ్చాయి, మోకు పట్టడం ఇంకా నేనే చెప్పాలా? చుట్టు కూడా వదులుగా వేశావు. చెల్లెలు చెప్పలేదనుకున్నావా, నాకు పలక మీదే తెలుస్తుంది!"

"తిన్నాక తిట్టకూడదూ?" అంది అమ్మ. అంటూనే మొహం అటు తిప్పుకుని అన్నం గిన్నె మూత వెతుక్కుంది. మూత గిన్నె మీదే ఉంది.

నాన్న వినిపించుకోలేదు. చుట్టు ఎలా బిగించాలో, కాలు ఎక్కడ ఆన్చాలో, ఒక్కొక్కటీ తవ్వి తీసి తిట్టాడు. మడమ విరిగిన నాటి నుంచి ఏడాదిగా ఆయన అన్నయ్యని పల్లెత్తు మాట అనలేదు. నాన్న పనివాళ్ళని తప్ప ఎవరినీ తిట్టడు.

అన్నయ్య తల వంచుకుని నిలబడి అన్నీ చివరిదాకా విన్నాడు. తిన్నాక నాన్న మళ్ళీ తలపాగా చుట్టుకుని బావి వైపు నడిచాడు. మోకు ఎవరిదో ఈసారి చెప్పలేదు.

అన్నయ్య వంగి రెండు అరచేతులకీ పొడిమట్టి రాసుకున్నాడు.